పచ్చిపులుసులో చేదు

మేడ్చల్
జూన్ 22

బావా,

నీ చీటీ, వారం వారం మా అంగడికి కూరగాయలు తెచ్చే బాలమణి తెచ్చి ఇచ్చింది. పాలకూర కట్టల కింద పెట్టుకుని తెచ్చిందట, ఒక మూల తడిసి సిరా పాకింది. అయినా చదువుకోగలిగాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే అందులోంచి ఎవరో నీ పేరు పిలిచినట్టు ఇంకా అనిపిస్తోందని, అందుకే కాగితం మీద రాస్తున్నానని, నన్ను కూడా రాయమని అన్నావు. పెళ్ళయి రెండేళ్ళయినా నీ చేతిరాత నేను చూడలేదు. అక్షరాలు ఇంత పెద్దగా రాస్తావని తెలియదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే నవ్వుకో. కానీ ఎవరికీ చదివి వినిపించకు. అత్తమ్మ అడిగితే "అందరు మంచిగున్నరట" అని చెప్పు.

షామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు గంట దారి కూడా లేదు. నువ్వు దవాఖాన నుంచి ఇంటికి వచ్చి మూడు వారాలైంది. రావాలని ఉంది. నాయిన ఒప్పుకోవడం లేదు. మొన్న అమ్మ మెల్లగా మాట ఎత్తితే పాల క్యాను కింద పెట్టి, "నెత్తి పలగ్గొట్టినోని కాడికి మళ్ళ తోలుడా? గానికి నా బర్రెను గూడ ఇయ్య" అన్నాడు.

అమ్మ ఊరుకుంటుందా! "బర్రెనెట్లిస్తవు, అది పాలిస్తది. బిడ్డనైతె ఇస్తివి" అంది. ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను గడ్డి కోసుకురావడానికి వెళ్ళాను.

నుదుటి మీది దెబ్బ మానింది. పళ్ళెం అంచు తగిలిన చోట సన్నని గీత మిగిలింది. బొట్టు కాస్త పైకి పెట్టుకుంటే కనిపించదు. దాని గురించి నువ్వు ఆలోచించకు.

పొద్దున్నే లేచి క్యాన్లు కడుగుతాను. నాయిన కండ్లకోయ హాస్టళ్ళకు పాలు వేసి వచ్చేలోపు కొట్టం ఊడుస్తాను. పనిలో ఉంటే బాగానే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం చెయ్యి ఆడదు. ఆ వేళకు నువ్వు మోటర్లు బాగుచేసే షాపు నుంచి అన్నానికి వచ్చేవాడివి. నీ చొక్కాకు వార్నిష్ వాసన ఉండేది. అప్పుడు ఆ వాసన నాకు పడదని గొణిగేదాన్ని. ఇక్కడ ఎవరి చొక్కాకూ ఆ వాసన లేదు.

రోజంతా ఏం చేస్తున్నావో రాయి. చిన్నచిన్న సంగతులే రాయి.

వినోద


షామీర్‌పేట
జూన్ 29

వినోదా,

చిన్నచిన్న సంగతులు రాయమన్నావు. నాకు ఇప్పుడు చిన్నవేమీ లేవు, అన్నీ పెద్దవే.

తొమ్మిదికి లేస్తాను. లేవడమంటే కళ్ళు తెరవడం. కాళ్ళు నేల మీద పెట్టేసరికి పదవుతుంది. రాత్రి వేసుకునే గోలీ పొద్దున కూడా తల మీద తడిసిన గోనెసంచిలా కూర్చుంటుంది. స్నానానికి నీళ్ళు తోడి పెట్టుకుని, ఆ బకెట్ ముందు కూర్చుని, తర్వాత ఏం చెయ్యాలో మరచిపోతాను. అమ్మ వచ్చి "సల్లగైపోయినయి కొడుకా" అంటే అప్పుడు గుర్తొస్తుంది. నిన్న ఎవరూ చెప్పకుండానే గడ్డం గీసుకున్నాను. అమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడ్డం గీసుకుంటే ఏడ్చే తల్లిని నేనొక్కడినే చూసి ఉంటాను.

పదిహేను రోజులకోసారి దవాఖానకు వెళ్తున్నాను. అక్కడ లిఖిత మేడం అని ఉన్నారు. ఆమె మందులు రాయరు, మాట్లాడతారు. నాకొక నోటుపుస్తకం ఇచ్చారు. కాగితం మధ్యలో నిలువుగా గీత. జబ్బు ముదిరినప్పుడు నాకు నిజమనిపించినవి గీతకు ఎడమ వైపు రాయాలి. ఇప్పుడు వాటి గురించి ఏమనుకుంటున్నానో కుడి వైపు రాయాలి.

ఫోనులో నన్ను పిలుస్తున్నారు అని రాశాను. కుడి వైపు, జబ్బు అని రాశాను. షాపులో వాళ్ళు నా గురించే మాట్లాడుకుంటున్నారు అని రాశాను. జబ్బు.

మూడోది రాయడానికి వారం పట్టింది. "వినోద నా అన్నంలో ఏదో కలుపుతోంది." రోజూ పచ్చిపులుసు చేదుగా ఉందని గొడవ పెట్టుకున్నాను. "ముందు నువ్వు తిను" అని ముద్ద నీ నోటికి పెట్టాను. నువ్వు ఒక్క మాట అనకుండా తిన్నావు. అయినా నమ్మలేదు. చివరికి ఆ పళ్ళెమే నీ మీదకు విసిరాను. దాని ఎదురుగా కూడా జబ్బు అని రాసి మేడంకు చూపించాను. "ఇది ఒప్పుకోవడం అన్నింటికన్నా కష్టం, ఒప్పుకున్నారు" అన్నారామె.

క్షమాపణ అడగమని ఆమె చెప్పలేదు. నేనే అడుగుతున్నాను. నన్ను క్షమించు వినోదా. నీ చేతి అన్నాన్ని అనుమానించాను.

దేవేందర్


మేడ్చల్
జూలై 13

బావా,

పోయిన అంగడికి ఉత్తరం పంపలేదు. బాలమణి వచ్చి నిలబడితే "ఇయ్యాల లేదక్కా" అన్నాను. "మీ మొగుడు పెండ్లాలకు నేను పోస్టుమ్యానైతి. ఉత్తరం లేకుంటె చాయన్న పొయ్యరాదు" అని అరుగు మీద కూర్చుంది. చాయ్ తాగి, నువ్వు కాస్త లావయ్యావని, ముఖం తేటగా ఉందని చెప్పింది. "దేవేందర్ బస్టాండు దాంక నడిసొచ్చిండు, నాకు నమస్తె గూడ వెట్టిండు" అంది. ఆ మాట నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

రెండు కాగితాలు రాసి చించేశాను. ఒక సంగతి చెప్పాలని మొదలుపెట్టి చెప్పలేకపోయాను. తర్వాత చెప్తాను.

నువ్వు మాత్రం నన్ను క్షమించమని ఇంకెప్పుడూ రాయకు. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. ఆ మూడో మాటను అక్కడితో వదిలెయ్యి.

నాయిన సంగతి విను. దసరా తర్వాత పెద్దమనుషుల్లో కూర్చుని తెగతెంపులు చేసుకుందామని అంటున్నాడు. అమ్మ గట్టిగా అడ్డం పడితే ఒక్క మెట్టు దిగాడు. "గప్పటికి ఆని పని ఆడు జేసుకుంట, షాపుకు పోతాంటె సూద్దాం. లేకుంటె నా బిడ్డ నా ఇంట్లనే ఉంటది" అన్నాడు. అంటే మూడు నెలలు లేవు. నిన్ను తొందరపెట్టడానికి రాయడం లేదు. దాచితే మంచిది కాదని రాస్తున్నాను.

వానలు పడుతున్నాయి. మన రేకుల ఇంటి మీద వాన పడితే నువ్వు మాట్లాడేది వినిపించక, నేను నీ పెదాలు చూసి తెలుసుకునేదాన్ని. ఇక్కడ స్లాబు. వాన వచ్చినా అందరి మాటలూ వినిపిస్తాయి.

వినోద


షామీర్‌పేట
ఆగస్టు 3

వినోదా,

షాపుకు వెళ్తున్నాను. ఈ మాట పైనే రాస్తున్నాను, నువ్వు మిగతా ఉత్తరం నిమ్మళంగా చదువుకుంటావని.

ధర్మేందర్ సేటు ఒక పూటకే రమ్మన్నాడు. కాలిపోయిన మోటర్ల నుంచి పాత తీగ కోసి లాగెయ్యడం, తీగ కూర్చునే గాళ్ళు శుభ్రం చెయ్యడం నా పని. వారం తర్వాత కొత్త కాయిల్ చుట్టమని ఇచ్చాడు. ఇదివరకు మాట్లాడుతూ, చాయ్ తాగుతూ చుట్టేవాడిని, వేళ్ళే లెక్క పెట్టుకునేవి. ఇప్పుడు ముప్పై చుట్లు దాటేసరికి లెక్క జారిపోతుంది. విప్పి మళ్ళీ మొదలుపెడతాను. మొదటి రోజు ఒక్క కాయిల్ కూడా పూర్తికాలేదు. సేటు వచ్చి చూసి, "ఏమయ్యా, తీగె చుడుతున్నవా, తీగెతోని ముచ్చట పెడుతున్నవా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. నా గురించే నవ్వారు, అది నిజమే. అయినా నాకేమీ కాలేదు. లిఖిత మేడంకు చెప్తే చాలా సంతోషపడ్డారు.

ఇప్పుడు పది చుట్లకోసారి సుద్దముక్కతో బల్ల మీద గీత గీస్తున్నాను. నిన్న నాలుగు కాయిళ్ళు అయ్యాయి.

ఇంకొక సంగతి. నువ్వు నవ్వుతావు. మొన్న అమ్మ పొద్దుటి పప్పే రాత్రి పెట్టింది. నోట్లో పెట్టుకుంటే పుల్లగా, ఏదోలా ఉంది. నా నాలుక మళ్ళీ అబద్ధం చెప్తోందని అనుకున్నాను. పచ్చిపులుసప్పుడు కూడా ఇలాగే కదా అయింది! పట్టుదలగా మొత్తం తినేశాను. అమ్మ తర్వాత నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "పాసిపోయింది గదరా, ఎట్ల తింటివి?" అని నెత్తి కొట్టుకుంది. రెండు రోజులు వాంతులు.

కానీ చూడు, నేను అనుమానించలేదు. పళ్ళెం విసరలేదు. మారాను కదా?

దేవేందర్


మేడ్చల్
ఆగస్టు 10

బావా,

నాకు నవ్వు రాలేదు.

పప్పు పాచిపోతే పాచిపోయిందని చెప్పాలి. పుల్లగా ఉంటే పుల్లగా ఉందని చెప్పాలి. అది అనుమానం కాదు. చిన్నపిల్లలు కూడా ఉమ్మేస్తారు. నువ్వు అదంతా మింగి, నాకు గొప్పగా రాశావు.

నీ నాలుక బాగానే ఉంది. నా మాట నమ్ము. ఎందుకు నమ్మాలని అడగకు.

కోపంగా రాస్తున్నానా? కోపం నీ మీద కాదు.

నాలుగు కాయిళ్ళు అయ్యాయన్న మాట నాయిన వినేటట్టు అమ్మకు చదివి వినిపించాను. ఆ ఒక్క ముక్కే చదివాను. నాయిన వినపడనట్టు బర్రె వీపు తోముతున్నాడు. తర్వాత అమ్మను అడిగాడట, "నాలుగంటె ఎక్కువనా తక్కువనా?" అని. అమ్మకు మాత్రం ఏం తెలుసు! "మస్తు" అని చెప్పిందట.

వినోద


షామీర్‌పేట
సెప్టెంబరు 7

వినోదా,

నెల రోజులు నీకు మంచి వార్తలే రాశాను. ఇది అలాంటిది కాదు.

అలియాబాద్ రైతుది బోరు మోటరు. కాయిళ్ళన్నీ నేనే చుట్టాను. మళ్ళీ చేరాక నేను పూర్తిగా చేసిన మొదటి పని. మొన్న కరెంటు ఇచ్చి నడిపి చూస్తున్నాము. సేటు బయట ఫోనులో ఉన్నాడు. మిగతావాళ్ళు చాయ్‌కి వెళ్ళారు. మోటరు దగ్గర నేనొక్కడినే నిలబడ్డాను.

లోపల కాయిళ్ళ కింద పెట్టే కాగితం మాడుతున్న వాసన వచ్చింది. మా పనిలో కంటి కన్నా, మీటరు కన్నా ముందు ముక్కుకే తెలుస్తుంది. ఆ వాసన వస్తే స్విచ్ ఆపెయ్యాలి, అంతే. కానీ చుట్టూ చూస్తే, నీకూ వస్తోందా అని అడగడానికి ఎవరూ లేరు. వాసన నాకొక్కడికే వస్తోందేమో అనుకున్నాను. లేని చేదు తగిలిన నాలుక నాది, లేని వాసన రాదా? "ఇది నిజం కాదు, ఇది నిజం కాదు" అని లోపల అనుకుంటూ నిలబడ్డాను. పొగ వచ్చేదాకా నిలబడ్డాను.

సేటు ఉరికొచ్చి స్విచ్ ఆపాడు. "పక్కకే నిలవడ్డవు గదరా! ముక్కు ఇంట్ల వెట్టొచ్చినవా?" అని అరిచాడు. వాసన వచ్చిందని, నేను నమ్మలేదని చెప్పాను. ఆయన నా ముఖం వైపు అలాగే చూశాడు. తర్వాత మెల్లగా, "ఇంటికి పో దేవేందర్. కొన్ని దినాలు ఆగు, మళ్ళ సూద్దాం" అన్నాడు. ఆ అరుపు కన్నా ఈ మెల్లని మాటే ఎక్కువ తగిలింది.

నాలుగు రోజులుగా ఆలోచించాను. నా కన్ను, నా చెవి, నా నాలుక, నా ముక్కు, ఏది నిజం చెప్తుందో ఏది అబద్ధం చెప్తుందో నాకే తెలియనప్పుడు, నా పక్కన నువ్వు ఎలా ఉంటావు? రేపు ఇంట్లో గ్యాసు వాసన వచ్చినా ఇలాగే నిలబడతాను.

మామకు చెప్పు, పెద్దమనుషులను పిలిపించమని. నేను వచ్చి ఒప్పుకుంటాను. నీకు ఇరవై రెండేళ్ళే. నా కోసం ఆ కొట్టంలో ఎన్నాళ్ళు కూర్చుంటావు?

గోలీలు వేసుకుంటూనే ఉన్నాను. ఆ విషయంలో బెంగపడకు.

దేవేందర్


మేడ్చల్
సెప్టెంబరు 14

బావా,

ఈ ఉత్తరం ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. కూర్చుని చదువు.

నీ పుస్తకంలో మూడో మాట జబ్బు కాదు. నేను నీ అన్నంలో కలిపాను.

జూలైలో చించేసిన కాగితాల్లో ఉన్నది ఇదే. ఇప్పుడు అంతా రాస్తాను. ఆపితే మళ్ళీ చించేస్తాను.

డాక్టరు మొదటిసారి గోలీలు రాసిచ్చినప్పుడు నువ్వు వేసుకోనన్నావు. నీకు నిద్ర లేదు, మాకూ లేదు. ఎనిమిది రోజులు చూశాము. అప్పుడు అత్తమ్మ అంది, "ఎట్లనన్న లోపటికి పోతె సాలు బిడ్డా. పులుపుల ఏదైనా కలిసిపోతది." నాకు కూడా అదే దారి కనిపించింది. అత్తమ్మను తప్పు పట్టకు. చెప్పింది ఆమె అయినా చేసింది నా చెయ్యి. గోలీని గ్లాసు అడుగుతో నలిపి, పచ్చిపులుసులో వేసి, పైన ఉల్లిగడ్డ ఎక్కువ తరిగి వేసేదాన్ని.

నువ్వు మొదటి రోజే చేదుగా ఉందన్నావు. చింతపండు పాతదని చెప్పాను. రెండో రోజు కూడా అన్నావు. నీ నాలుక పాడైందని చెప్పాను. నీ నాలుక పాడైందన్న మాట మొదట అన్నది డాక్టరు కాదు, మేడం కాదు, నేను.

"ముందు నువ్వు తిను" అని నా నోట్లో ముద్ద పెట్టేవాడివి కదా. ఉమ్మేస్తే నీకు తెలిసిపోతుందని మింగేదాన్ని. నాకూ చేదే తగిలేది. తిన్న కాసేపటికి కళ్ళు మూతలు పడేవి. పొయ్యి దగ్గరే కూర్చుని నిద్రపోయేదాన్ని. పక్కింటివాళ్ళు "వినోదకు విశేషమా?" అని అత్తమ్మను అడిగారు.

ఇదంతా నీకు మంచి కావాలనే చేశాను. అందుకని దీన్ని తప్పు అనుకోలేదు. కానీ ఇంకొకటి ఉంది, అది ఎటు తిప్పి చూసినా తప్పే. నువ్వు పళ్ళెం విసిరిన రోజు దవాఖానలో డాక్టరు నన్ను అడిగాడు, "మీరు అన్నంలో ఏమన్నా కలిపారా అమ్మా?" అని. నా నుదుటికి గుడ్డ అదిమి పట్టుకుని ఉన్నాను. పక్కన అత్తమ్మ ఉంది, నాయిన ఉన్నాడు. "లేదు సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు. నువ్వు నా ముఖం వైపే చూస్తున్నావు. నేను ఆ మాట అనగానే తల దించుకున్నావు. అప్పటిదాకా అంత కోపంగా ఉన్నవాడివి, పిల్లవాడిలా తల దించుకున్నావు. దెబ్బ నొప్పి ఎప్పుడో పోయింది. నువ్వు అలా తల దించుకోవడం మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

తర్వాత చెప్పొచ్చు కదా అంటావు. భయపడ్డాను. చెప్తే నువ్వు గోలీలు మానేస్తావని భయం. ఇంకెప్పుడూ నన్ను దగ్గరికి రానివ్వవని భయం. రెండోదే ఎక్కువేమో. నువ్వు ప్రతి ఉత్తరంలో బాగుపడుతున్నావు కదా, అలాగే పోనిద్దాం అనుకున్నాను. కానీ నువ్వు పాచిపోయిన పప్పు తిన్నావు. మాడిన వాసన వస్తుంటే నిలబడ్డావు. నేనన్న ఒక్క "లేదు" మాటకు నువ్వు నీ ముక్కునే నమ్మడం మానేశావు.

ఫోనులో పిలిచింది జబ్బే. షాపు వాళ్ళ సంగతీ జబ్బే. మందు మంచిదే, నీకు నిద్ర ఇచ్చింది. దాన్ని మానకు. నా మీద కోపంతో మాత్రం మానకు. నీకు ఆ రోజు చేదు తగిలింది, అది నిజం. మొన్న వాసన వచ్చింది, అదీ నిజం.

తెగతెంపులు కావాలంటే ఇది తెలిసి అడుగు. నువ్వు పనికిరానివాడివని అడగకు. నేను అబద్ధం చెప్పానని అడుగు. అప్పుడు ఒప్పుకుంటాను.

వినోద


మేడ్చల్
సెప్టెంబరు 28

బావా,

రెండు అంగళ్ళు గడిచాయి. బాలమణి వట్టి చేతులతో వచ్చింది. నువ్వు బయటికి రావడం లేదని, అత్తమ్మ ఎవరితోనూ మాట్లాడడం లేదని చెప్పింది. "ఏం రాసినవే గా ఉత్తరంల?" అని అడిగింది. చెప్పలేదు.

తిట్టు రాసినా చదువుకుంటాను. గోలీ వేసుకుంటున్నావో లేదో ఆ ఒక్క మాట రాయి. రాయలేకపోతే బాలమణితో అవుననో కాదనో చెప్పి పంపు.

ఎల్లుండి సద్దుల బతుకమ్మ. అమ్మ తంగేడు పూలు తెప్పించింది. అందరూ పేరుస్తుంటే నేను కూడా కూర్చున్నాను. పూలు వరుస తప్పుతున్నాయని అమ్మ నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది.

వినోద


షామీర్‌పేట
అక్టోబరు 5

వినోదా,

గోలీ వేసుకుంటున్నాను. మధ్యలో నాలుగు రోజులు వేసుకోలేదు. దాచకుండా చెప్తున్నాను.

ఆ నాలుగు రోజులు అమ్మ పెట్టింది ఏదీ తినలేదు. దుకాణం నుంచి అరటిపళ్ళు తెచ్చుకున్నాను, గుడ్లు నేనే ఉడకబెట్టుకున్నాను. పెంకు లోపల ఎవరూ ఏమీ కలపలేరు కదా. మూడో రోజు అమ్మ వచ్చి నా ముందు కూలబడింది. "నేనే చెప్పిన కొడుకా. నన్ను తిట్టు, పిల్లనేమనకు" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నిద్ర కూడా రాలేదు. నాలుగో రోజుకు ఫోను ముట్టకుండానే, చెవి పక్కన నా పేరు వినిపించింది. ఒక్కసారే. అది జబ్బు అని వెంటనే తెలిసింది. చేదు సంగతి వేరు, ఇది వేరు అని మొదటిసారి స్పష్టంగా తెలిసింది.

తెల్లవారి ఒక్కడినే బస్సెక్కి దవాఖానకు వెళ్ళాను. నీ ఉత్తరం లిఖిత మేడంకు ఇచ్చాను. చివరిదాకా చదివారు. తర్వాత, "ఇళ్ళల్లో ఇలా జరుగుతుంటుందని మాకు తెలియని విషయం కాదు. ఆమెను పక్కకు పిలిచి, ఎవరూ లేకుండా అడగాల్సింది. మేం అడిగిన తీరే తప్పు" అన్నారు. మూడో మాట ఎదురుగా ఉన్న "జబ్బు"ను ఆమె కొట్టెయ్యలేదు. కలం నా చేతికి ఇచ్చారు. నేను కొట్టేసి, "నిజం" అని రాశాను.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు ఏమనిపించిందో చెప్తాను. కోపం వచ్చింది. నన్ను క్షమించమని రాశాను, నువ్వు చదువుకుని కూడా రెండున్నర నెలలు దాచావు. ఆ కోపం ఇంకా ఉంది. దాంతోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. మతి పూర్తిగా తప్పిన రోజుల్లో కూడా నాలో ఒకటి సరిగ్గానే పనిచేసిందని. ఆ నమ్మకం నాకు ఎవరూ ఇవ్వలేనిది, నువ్వు ఇచ్చావు.

సేటు పాత తీగ లాగే పనికి మళ్ళీ రమ్మన్నాడు. కాయిళ్ళు ఇప్పుడే ఇవ్వనన్నాడు. సరే అన్నాను.

తెగతెంపులు వద్దు. నువ్వు రా. కానీ ఒక మాట ముందే చెప్పాలి. నీ చేతి అన్నం తినే ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఎంత అనుకున్నా ముద్ద నోటి దగ్గర ఆగిపోతుందని తెలుసు. ఇది జబ్బు కాదు. నీ మీద ప్రేమ లేక కూడా కాదు. కొన్నాళ్ళు నా వంట నేనే చేసుకుంటాను. అన్నం, టమాట కూర, గుడ్డు, ఇంతవరకే వచ్చు. గోలీ నా డబ్బాలోంచి నేనే తీసుకుని, నీ ఎదురుగా వేసుకుంటాను. నువ్వు అడగొద్దు, లెక్క చూడొద్దు.

ఇలాంటి ఇంటికి వస్తావా?

దేవేందర్


మేడ్చల్
అక్టోబరు 12

బావా,

"నీ చేతి అన్నం తినే ధైర్యం నాకు ఇంకా రాలేదు" అన్న దగ్గర ఆగి, ఆ రోజు మిగతాది చదవలేదు. మరునాడు చదివాను. ఏడ్చాను. నీకు కోపం ఉందని దాచకుండా రాశావు కాబట్టి నేను కూడా ఏడ్చానని దాచకుండా రాస్తున్నాను. ఇంతకుముందు మనం ఇలా చెప్పుకోలేదు.

నాయినకు అంతా చెప్పాను. పెద్దమనుషుల ముందు నువ్వొక్కడివే తప్పు చేసినవాడిలా నిలబడకూడదని చెప్పాను. పాలు పితుకుతున్నవాడు చెయ్యి ఆపి, "దవాఖానల నా పక్కకే ఉండి లేదంటివి గదనే!" అన్నాడు. అవునన్నాను. "ఆర్నెల్లు నేను గాన్ని తిట్టుకుంట తిరిగిన. తిట్లన్ని ఉత్తగవాయె" అని గొణిగి మళ్ళీ పితకడం మొదలుపెట్టాడు. తెల్లవారి క్యాన్లు ఎత్తుకుంటూ, "ఆటో మాట్లాడాల్నా, బస్సుల పోతవా?" అని అడిగాడు.

బుధవారం వస్తున్నాను. రింగురోడ్డు దగ్గర ఆటో మారి, పన్నెండుకల్లా ఇంటికి చేరతాను. బస్టాండుకు రావద్దు, దారిలో అందరూ చూస్తుంటే నాకు నీతో మాట పెగలదు.

వంటింట్లోకి నువ్వు పిలిచేదాకా రాను. పిలవడానికి నెల పట్టినా, ఏడాది పట్టినా అడగను. గుమ్మం దగ్గర కూర్చుని నువ్వు వండుతుంటే చూస్తాను. ఉప్పు ఎక్కువైతే మాత్రం ఎక్కువైందనే చెప్తాను.

ఆ రోజు ఎసట్లో నాకు కూడా కలిపి బియ్యం పొయ్యి.

వినోద